రెండో జత కళ్లజోడు

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేం కాదు, చేతిలోకి ఫోనూ ఫోన్లోకి వైద్యుడూ వచ్చేసిన రోజులే. కళ్లుండీ చూడలేనివాళ్ల గురించి పెద్దలు ఏవేవో అంటారు. నా సంగతి అంతకంటే అన్యాయం. నేను చూస్తూ చూస్తూ, రోజూ చూస్తూ, లైకులు కొడుతూ మరీ మోసపోయాను. తెలివితక్కువతనానికి డిపార్టుమెంటు పరీక్ష పెట్టి ఉంటే ఆ ఏడు ఖరగ్‌పూర్ మొత్తానికి నేనే ఫస్టు.

అప్పుడు నేను అసిస్టెంట్ లోకో పైలట్‌ని. అంటే రైలు నడిపేవాడి పక్కన కూర్చుని సిగ్నళ్లు చూసి అరిచేవాణ్ణి. (మా పద్ధతి చెప్పాలి. సిగ్నల్ కనపడగానే అసిస్టెంటు చెయ్యి చాచి దాని రంగు గట్టిగా పలకాలి, పైలట్ అదే మాట తిరిగి పలకాలి. రెండు మాటలూ ఒకటైతేనే బండి నిశ్చింతగా సాగుతుంది. ఈ అలవాటు ఇంటిదాకా వస్తుంది. మా అమ్మ "అన్నం ఉడికింది" అంటే నేను చెయ్యి చాచి "అన్నం ఉడికింది!" అనేవాణ్ణి.) అలాంటి ఉద్యోగంలో ఉండగా దూరపు సిగ్నల్ దీపాలకి అంచులు చెరగడం మొదలైంది. మొదట పొగమంచు అనుకున్నాను. ఎండాకాలం వచ్చినా ఆ పొగమంచు పోలేదు. ముందేమో మెడికల్ పరీక్ష ఉంది. కళ్ల దగ్గర తప్పితే ఇంజన్ దింపేసి ఏ షెడ్డు ఆఫీసులోనో కుర్చీ వేస్తారని నా భయం. పాయింట్స్‌మన్‌గా జెండాలూపి రిటైరైన మా నాన్న "మావోడు ఇంజనెక్కినాడు" అని మేముండే ట్రాఫిక్ కాలనీ అంతా చెప్పుకుని ఉన్నాడు. ఎక్కినవాడు దిగాడని ఆయన నోటితో ఎలా చెప్పించను?

ఈ సంగతి మా బావకి చెప్పుకున్నాను. బావ అంటే మా అక్క భర్త, రైల్వే ఆఫీసులో గుమాస్తా, కాపురం సుభాష్‌పల్లిలో. ఆయన ఫోన్లో లేని జబ్బూ లేదు, మందూ లేదు.

"హాస్పిటల్‌కి ఎల్లకు రా. ఎల్లినావంటే కాయితం మీదకెక్కిపోతావు. ఇదిగో, ఈయన్ని సూడు. నాను రోజూ సేస్తన్నాను, నా సూపు గద్దసూపు అయిపోనాది" అని ఒక వీడియో పంపాడు.

అలా నా జీవితంలోకి కళ్లన్న వచ్చాడు. (పేరు నేను పెట్టుకున్నదే.) తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు. కళ్లు చూసేవాడికి గుండెలు వినే గొట్టం దేనికని ఒక్కసారైనా అనుకోలేదు. "ఏటి తమ్ముడూ, అద్దాలెట్టీసుకుంతావేటి? ఒద్దు! నానున్నాను గదా!" అన్నాడు. అంతే, పడిపోయాను. మీకు ఇది చిన్న విషయంలా ఉండొచ్చు. మేం హిందీలో ఉద్యోగం చేసి, బెంగాలీలో కూరలు బేరమాడి, తెలుగుని ఇంట్లో మాత్రమే విప్పుకునేవాళ్లం. ఆస్పత్రిలో క్యూ, "నెక్స్ట్", "ఠీక్ హై", చీటీ. ఈయనేమో మా తాత మాట్లాడినట్టు మాట్లాడి తమ్ముడూ అంటున్నాడు. మన యాసలో చెబితే అబద్ధానికి కూడా చుట్టరికం వచ్చేస్తుంది.

తమ్ముడు కదా, అన్న చెప్పినవన్నీ చేశాడు. పొద్దున్నే డాబా ఎక్కి సూర్యుణ్ణి రెప్పవెయ్యకుండా చూశాడు. అరచేతులు రుద్ది కళ్ల మీద పెట్టుకున్నాడు. చివరికి ఉల్లిరసంలో తేనె కలిపి కంట్లో చుక్కలు వేసుకున్నాడు. "కూరలోకి ఉల్లిపాయ నేదు గానీ కంట్లోకి ఉన్నాదేటి?" అని అమ్మ గోల. కళ్లు భగభగలాడితే, మంట పుడితే మందు పనిచేస్తున్నట్టేనని కళ్లన్న ముందే చెప్పి ఉంచాడు. ఎంత ముందుచూపు! నాకు మందచూపు.

ఒక తెల్లవారుజామున గూడ్సుతో హిజ్లీ స్టేషన్ దాటి వస్తున్నాం. పైలట్ సీట్లో హారన్ మావయ్య, అంటే మామూలు మాట కూడా హారన్ కొట్టినట్టు మాట్లాడే మా పెద్ద డ్రైవరు. దూరంగా పసుపు రంగు అలుక్కుపోయి కనపడింది. చెయ్యి చాచి "డబుల్ ఎల్లో!" అన్నాను. అంటే రెండు పసుపు దీపాలు, కొంచెం చూసుకుని పోవచ్చని.

మావయ్య తిరిగి పలకలేదు.

ఆయన మెల్లగా బ్రేకు వేస్తూ, ఎప్పుడూ లేనంత తగ్గు గొంతుతో "సింగిల్ ఎల్లో" అన్నాడు. ఒకటే దీపం. తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడమని. ఆ తర్వాతిది నిజంగానే ఎర్రగా ఉంది, మా కేకల్లో "డేంజర్". బండి దాని ముందు నిలబడ్డాక మావయ్య నా మొహంలోకి చూశాడు.

"కళ్లు కుంకం బరిణిలా ఉన్నాయి. ఏటి పోసినావు రా?"

చెప్పాను. తిట్టి ఉంటే బాగుండును.

"ఈయాల ఎనకాల బొగ్గున్నాది. రేపు మనుసులుంతారు. ఆల్లు నీ కళ్లని నమ్మి తొంగుంతారు, నువ్వెవడి కళ్లని నమ్మినావు? బండి దిగి డాక్టరు కాడికి నువ్వెల్తావా, నన్ను రిపోర్టు రాయమంతావా?"

నేనే వెళ్లాను. కళ్ల డాక్టరు ఒక పెద్ద బెంగాలీ దీదీ. నా రెప్పలు పైకెత్తి చూసి, "చోఖే పేయాజ్?" (కంట్లో ఉల్లిపాయా?) అంది. తర్వాత ఖరగ్‌పూర్ తెలుగులోకి దిగింది. "ఆ వీడియో బాబు నీ కళ్లు చూసినాడా?"

ఆలోచించాను. నేనే ఆయన్ని నెలల తరబడి చూశాను. ఆయన నన్ను ఒక్కసారీ చూళ్లేదు. ఈవిడ నన్ను తమ్ముడూ అనలేదు, నవ్వలేదు, కానీ నా కంట్లోకి దీపం వేసి చూస్తోంది.

"ఆయనకి లక్షల మంది ఫాలోవర్లు దీదీ" అన్నాను, ఇంకా సిగ్గులేక.

"వాళ్లందరూ తర్వాత నన్ను ఫాలో అవుతారు. బయట లైను చూడు" అంది.

కొన్నాళ్లు ఇంజన్ ఎక్కనివ్వలేదు. ఉల్లిరసం చేసిన పుండ్లు మాని, మెడికల్ జరిగాక తేలిందేమిటంటే, నాకున్న పాటి లోపానికి అద్దాలు పెట్టుకుని ఇంజన్ మీద ఉండొచ్చట. మొదటి రోజే వచ్చి అడిగి ఉంటే దీదీ మొదటి రోజే చెప్పేది. పైగా అద్దాలవాళ్లు డ్యూటీలో రెండు జతలు దగ్గర ఉంచుకోవాలని రూలు. ఒక జత తప్పించుకోబోయి రెండు జతలకి తగులుకున్నాను. నాన్న మాత్రం వాటిని చూసి, "ఇంజనుకి హెడ్‌లైటు ఉంతాది, మావోడికీ ఉన్నాది" అని మళ్లీ కాలనీ తిరిగాడు.

బావ మారలేదు. "నీకు నమ్మకం సాల్లేదు రా" అనేవాడు. పూజా పందిట్లో అక్క అనుకుని పక్కింటావిడ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేదాకా ఆయన గద్దసూపు అలాగే సాగింది. ఆ మర్నాడే అక్క హుకుం. "నీ బావని ఆ డాక్టరు కాడికి ఈడ్సుకెల్లు."

ఈడ్చుకెళ్లాను. బావ కుర్చీలో, నేను ఆయన వెనక, ఎదురుగా అక్షరాల పటం. దీదీ చీటీ రాయడానికి తల వంచగానే బావ నా వైపు వాలి గుసగుసలాడాడు. "ఒరే, మూడో లైను సివర ఏటున్నాది? మెల్లగా సెప్పు."

నేను నిటారుగా నిలబడి, పటం వైపు చెయ్యి చాచి, ఇంజన్‌లో అరిచినట్టు అరిచాను. "డేంజర్!"

గది బయట క్యూలో కూర్చున్నది లోకో వాళ్లే. అలవాటు ఊరుకుంటుందా? తలుపు అవతలి నుంచి ఒక్క గొంతుతో తిరిగి పలికారు.

"డేంజర్!"

దీదీ నవ్వడం అప్పుడే చూశాను. బావ మొహం మాత్రం, పాపం, ఆ తెల్లవారుజామున హిజ్లీ దగ్గర నాదెలా ఉండి ఉంటుందో అలాగే ఉంది. దాన్ని నా అద్దాల్లోంచి తనివితీరా చూశాను, ఆ తర్వాత రెండో జత పెట్టుకుని కూడా.