అల్లుడుగారి ప్రోటీను

మా జాలారిపేటలో నూకాలు నోటికి ఎదురు లేదు. చేపల గంప దించి ఒక్క కేక వేస్తే అవతలి వీధి ఇల్లాళ్లు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ నోట్లోనే రోజంతా అడ్డపొగ. అంటే చుట్టను నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని తాగడం. సముద్రపు గాలికి ఆరిపోకూడదుగా, అదీ మావాళ్ల తెలివి! అంగిలి కాలి మొద్దుబారిపోయాక, నొప్పి లేదు కాబట్టి రోగమూ లేదనుకోవడం ఇంకో తెలివి.

అంగిట్లో పుండు లేచాక కూతురు నాగమణి బతిమాలి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరేనని, ఇంకా చిన్నదే కాబట్టి వెంటనే ఆపరేషన్ చేయించుకుంటే అంగిలి చాలావరకు దక్కుతుందని డాక్టరు సుధారాణి చెప్పింది. ముక్కలో పి53 అనే ప్రోటీను బాగా ఎక్కువగా కనిపించిందని కూడా అంది.

అంతే, అల్లుడు వాసుకు పని దొరికింది. అచ్యుతాపురం మందుల కంపెనీలో అట్టపెట్టెలకు టేపు అంటించే ఆ మహానుభావుడు ఫోనులో ఏదో చదివి అరుగెక్కాడు.

"అత్తా, పి53 అంటే ఏటనుకున్నావ్? గడ్డలు పెరక్కుండా కాపలా కాసే ప్రోటీను. నీకది బోల్డుంది. ఇంక కోతెందుకు? రోజూ రెండు గుడ్లు తిను, సాలు."

పోలీసులతోనైనా తగవుపడే నూకాలు అల్లుడికి మాత్రం ఎదురు చెప్పదు. మర్యాదట! ఏం మర్యాదో, నా మొహం. పక్కింటిదాన్ని, నేను ఎంత తిట్టినా, "మందుల కంపెనీలో సేత్తన్నాడు, అల్లుడికి తెల్దేటే?" అంది. గుడ్లూ తింది, చుట్టా తాగింది.

వానలు మొదలయ్యేసరికి తాగిన గంజి ముక్కులోంచి కారింది. ఈసారి నేనూ వెంట వెళ్లాను. వాసు చెప్పిన గుడ్ల వైద్యం సంగతి విని డాక్టరమ్మ తల పట్టుకుంది.

"మంచి ప్రోటీను పని అవగానే కరిగిపోతుందమ్మా, పరీక్షలో పెద్దగా కనపడదు. చెడిపోయినదే కరగకుండా పోగుపడుతుంది. అంత కనపడిందంటే కాపలా పాడైందనే."

అంగిలి మొత్తం తీసేశారు. ఆ చిల్లుకు అడ్డంగా ఒక ప్లాస్టిక్ బిళ్ల ఇచ్చారు. అది పెట్టుకుంటేనే మాట.

మొన్న నూకాలు గుమ్మంలో కూర్చుని ఆ బిళ్ల కడుక్కుంటోంది. అరుగు మీద వాసు ఎవరితోనో అంటున్నాడు. "నాను అప్పుడే సెప్పాను, కోయించీమని. ముసల్ది ఇంటేనా?"

నాకు ఒళ్లు మండిపోయింది. నూకాలు లేచి నిలబడింది. ఇన్నేళ్ల మర్యాదా గాలికి వదిలేసి, బిళ్ల చేతిలో ఉన్న సంగతే మరిచి, అల్లుణ్ణి నోరారా తిట్టింది. ముక్కులోంచి గాలి తప్ప ఒక్క అక్షరం బయటికి రాలేదు.

వాసు వెనక్కి తిరిగి చూశాడు.

"ఏటత్తా, నీళ్లు కావాలా?"