ఇంటర్జెక్షన్ మార్కా మిరపకాయలు

తెల్లవాడు ఓడెక్కి వెళ్లిపోయిన కొత్త రోజులవి. మనిషైతే వెళ్లాడు గానీ వాడి వ్యాకరణం మాత్రం మా నందిగామ హైస్కూల్లోనే ఉండిపోయింది. జెండా మార్చినవాళ్లెవరికీ దాన్ని కూడా దించాలని తోచలేదు. అప్పట్లో మాకు ఇంగ్లీషంటే భాష కాదు, పేర్ల జాబితా. నౌను, ప్రొనౌను, యాడ్జెక్టివు, వెర్బు, యాడ్వెర్బు, ప్రిపొజిషను, కంజంక్షను, ఇంటర్జెక్షను. ఇంగ్లీషులో మంచినీళ్లడగమంటే నాలుక పిడచగట్టుకుని నిలబడేవాళ్లం గానీ, ఆ అడిగే వాక్యంలో నీళ్లది ఏ జాతో, పక్కమాటతో దానికేమి చుట్టరికమో గడగడా చెప్పేవాళ్లం. (చెప్పేవాళ్లం అంటే క్లాసులో మిగతావాళ్లు. నన్ను లెక్కలోంచి తీసెయ్యండి.)

మా ఇంగ్లీషు మేష్టారిని ఫుల్‌స్టాప్ మేష్టారనేవాళ్లం. వాక్యం పూర్తయినప్పుడల్లా బెత్తంతో బల్ల మీద ఒక్కటి వేసేవారు. బల్ల దూరంగా ఉంటే దగ్గర్లో ఉన్న వీపుతో సరిపెట్టుకునేవారు. "పేరు తెలిస్తే మనిషి తెలిసినట్టేరా. ముందు పేర్లు పట్టండి, భాష దానంతటదే నడిచొస్తుంది" అనేవారు. నేను నందిగామలో మా మేనత్తగారింట్లో ఉండి, ఆవిడ పెట్టిన గోంగూర తింటూ, మూడేళ్లపాటు దాని కోసం ఎదురుచూశాను. భాష నడిచి రాలేదు. పేర్లూ రాలేదు. ఎస్సెల్సీలో ఇంగ్లీషు తప్పాను. వాక్యంలో మాటలన్నీ విడదీసి దేని జాతి దానికి రాయమన్న ప్రశ్నకి నేను రాసిన జవాబు చూసి, "వీడు మాటలకి వర్ణసంకరం చేశాడు" అన్నారట మేష్టారు. నా చదువు మీద వెలువడిన ఏకైక సమీక్ష అది.

జగ్గయ్యపేట తిరిగొచ్చాను. బజారులో మాది మిర్చీ, అపరాల టోకు కొట్టు. నాన్న ఏడవలేదు, కొట్టలేదు. త్రాసు పక్కన నా కోసం ఒక పీట వేయించాడు. "ఇంకొక్కసారి కట్టు. ఈసారీ తప్పావంటే ఇదే నీ బెజవాడ కాలేజీ" అన్నాడు. ఆ పీట మీద కూర్చుంటే ఎదురుగా మిరపకాయల బస్తాలు. నాకు మిరపఘాటు పడదు. గంటకి నలభై తుమ్ములు. పైకి నేను కాలేజీ అంటే లక్ష్యం లేనట్టు కబుర్లు చెబుతుండేవాణ్ణి గానీ, లోపల మాత్రం ఒకటే కోరిక ఉండేది. ముందు బెజవాడ కాలేజీ, తర్వాత ఎక్కడైనా మేష్టరుద్యోగం. ఎవరితోనూ అనలేదు. ఇంగ్లీషు తప్పినవాడు మేష్టరవుతానంటే మా బజారంతా వారం రోజులు బేరాలు మానేసి నవ్వుకునేది.

కొట్లో పుస్తకం తియ్యడానికి వీల్లేదు. గద్దె దగ్గర అచ్చుపుస్తకం తెరిస్తే బేరం మూసుకుపోతుందని నాన్న నమ్మకం. మరి చదువు ఎట్లా? దారి దానంతటదే కనిపించింది. మా వ్యాపారంలో బస్తాకి మార్కా ముఖ్యం. ఒక్కొక్క సరుక్కి ఒక్కొక్క గుర్తు, మసిరంగులో కుంచె ముంచి గోనె మీద వెయ్యాలి. హమాలీలు గానీ, బండివాళ్లు గానీ, ఊళ్ల నుంచి వచ్చే చిల్లర వర్తకులు గానీ చదివి కాదు, ఆ గుర్తు చూసే సరుకు పట్టుకుంటారు. మా పాత గుర్తులు చుక్కలూ, గీతలూ, ఒక వంకర చేప. కుంచె పట్టే పని నాకు అప్పగించారు. నేను చేపని కొట్టేసి ఇంగ్లీషు అక్షరాల్లో వ్యాకరణం రాయడం మొదలెట్టాను.

ఊరికే రాయలేదు, ఆలోచించే రాశాను. కందులు నౌను. వాటి పాటికవి ఒక వస్తువు, ఎవరి ఆసరా అక్కర్లేదు. పసుపు యాడ్జెక్టివు, దేంట్లో పడితే దానికి రంగిస్తుంది. ఆవాలు ప్రిపొజిషను, పోపులో ముందు పడాల్సినవి అవే. బెల్లం కంజంక్షను, దేన్నయినా దేనితోనైనా అతుకుతుంది. ఆముదాలు వెర్బు. (ఎందుకో చిన్నప్పుడు శనివారాలు ఆముదం తాగినవాళ్లకి వివరించక్కర్లేదు.) మిరపకాయలు ఇంటర్జెక్షను. నోట్లో పెట్టుకున్నవాడు 'అబ్బా' అనక మానడు గదా. నాన్నకి ఇంగ్లీషు రాదు. "ఏంట్రా అది?" అంటే, "కొత్త మార్కా నాన్నా, ఇప్పుడందరూ ఇంగ్లీషులోనే వేయిస్తున్నారు" అన్నాను. నాన్న సంతోషించాడు. తెల్లవాడు పోయాడని జెండా కట్టిన చేత్తోనే ఆ అక్షరాల్ని నిమిరాడు.

నెల తిరక్కుండానే మైలవరం నుంచి ఒక వర్తకుడు కార్డు రాశాడు. మొన్న పంపిన మిరపకాయలు బ్రహ్మాండంగా పోయాయనీ, జనం ఆ పొడుగాటి మార్కానే కావాలంటున్నారనీ, మళ్లీ అవే పంపమనీ. ఆ కాయలు పెనుగంచిప్రోలు రైతు పండించిన మంచి కాయలు, నేను చేసిందేమీ లేదు. కానీ నాన్న ఆ కార్డుని కళ్లకద్దుకున్నాడు. "సరుకు అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే. మారిందల్లా నీ చెయ్యి. హస్తవాసి అంటే ఇదేరా!" అన్నాడు. ఆనాటినించి మార్కా నేనే వెయ్యాలి, మరెవరూ కుంచె ముట్టకూడదు. పరీక్ష నెగ్గడానికని వేసుకున్న నిచ్చెన నన్ను పీట మీదికే దించింది. పరీక్ష వారంలోనే మైలవరం వర్తకుడు పెద్ద బేరానికి స్వయంగా వస్తానని కబురు పెట్టాడు. "ఆ నాలుగు రోజులూ నువ్విక్కడ ఉండాల్సిందే" అన్నాడు నాన్న.

"మరి పరీక్షో?"

"తెల్లవాడే పోయాడు. వాడి పరీక్ష ఎవరిక్కావాలి? అంతగా అయితే వచ్చే ఏడు చూద్దాంలే."

వచ్చే ఏడు అన్న మాట మా బజారులో చాలా చక్కగా వాడతారు. ఇచ్చేది లేదన్న సంగతిని అంత మర్యాదగా చెప్పే మాట ఇంకోటి లేదు. నేను తుమ్మి మళ్లీ కుంచె అందుకున్నాను.

పరీక్ష మూడు రోజులుందనగా, పొద్దున్నే బొగ్గుతో నడిచే బస్సులోంచి మసి కొట్టుకుపోయిన ఒక పెద్దమనిషి దిగి మా కొట్టు మెట్లెక్కారు. ఫుల్‌స్టాప్ మేష్టారు! ఏడాదికి సరిపడా మిరపకాయలు కొనుక్కోవడానికి వచ్చారు. నేను కందుల బస్తాల వెనక్కి జరిగాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని చుట్టూ చూశారు. చూస్తూ చూస్తూ అలాగే నిలబడిపోయారు. ముప్ఫై ఏళ్లుగా ఆయన పూజిస్తున్న దేవతలందరూ మా కొట్లో గోనెసంచులు కట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు.

"ఎవడ్రా రాసింది?"

బయటికొచ్చాను. వీపు దానంతటదే బిగుసుకుంది.

"మిరపకాయలు ఇంటర్జెక్షనెట్టా అయ్యాయిరా?"

చెప్పాను. ఆయన బస్తాలోంచి ఒక కాయ తీసి, తుంచి, సగం నోట్లో వేసుకున్నారు. కొంచెంసేపు గంభీరంగానే నమిలారు. తర్వాత "అబ్బా!" అన్నారు. కళ్లనీళ్లు తుడుచుకుని, "సరే, ఒప్పుకున్నా" అన్నారు. "ఆముదాలు వెర్బెందుకయ్యాయి?"

"తాగితే తెలుస్తుందండి."

దాన్ని మాత్రం రుచి చూడకుండానే ఒప్పుకున్నారు. "వెధవా, మూడేళ్లు మొత్తుకుంటే ఎక్కంది ఇక్కడెక్కిందట్రా నీకు! నందిగామ ఎప్పుడొస్తన్నావు?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న త్రాసు వైపు చూశాడు. "వాడు రావడం లేదండి మేష్టారూ. కొట్టుకి వాడి చెయ్యి కలిసొచ్చింది. తెల్లవాడు వెళ్లిపోయాక ఆ భాషతో మనకేం పనండీ?"

"పని లేకపోతే మీ బస్తాల మీద ఎందుకుందండీ షావుకారుగారూ?"

"అదే నేను చెప్పేది. బస్తాల మీదుంటే చాలు. పరీక్ష దాకా పోనక్కర్లేదు."

మేష్టారు కళ్లజోడు తీసి మళ్లీ తుడుచుకున్నారు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయనకి ఎదురుచెప్పి నెగ్గినవాడు మా నాన్నొక్కడే అనుకుంటాను. అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు బస్తా వీపు మీంచి దించి, తలగుడ్డతో మెడ తుడుచుకుంటూ మా హమాలీ మేస్త్రి అడ్డమొచ్చాడు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మా కొట్లో బస్తా మోస్తున్నవాడు. బడి గడప తొక్కి ఎరగడు.

"అయ్యా, ఆ రాతే గదండీ. నేనేస్తా."

"నీకేమొచ్చురా?" అన్నాడు నాన్న.

మేస్త్రి కుంచె తీసుకుని, ఖాళీ గోనె పరిచి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఇంటర్జెక్షన్ రాశాడు. ఒక్క అక్షరం పోలేదు. నా రాతకన్నా గుండ్రంగా ఉంది. (నా రాతకన్నా మా గేదె డెక్కల గుర్తులు గుండ్రంగా ఉండేవి, అది వేరే సంగతి.) చదివి కాదు, ముగ్గు చూసి ముగ్గేసినట్టు చూసి నేర్చుకున్నాడు. "రోజూ మోసేదే గదండీ. వీపు మీదున్నది కంటికి తెలవదా?" అన్నాడు.

"అంతా బానే ఉందిరా, మరి హస్తవాసో?" అన్నాడు నాన్న. ఆ ఒక్క ముడీ విడలేదు.

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. "అబ్బాయిగారు పోయేముందు రంగుడబ్బాలో వేలు ముంచిపోతే సరండి. ఆ రంగయిపోయేదాకా ఆరి చెయ్యే గదా."

నాన్న ఆలోచించాడు. శాస్త్రంలో తప్పు దొరకలేదు. డబ్బా నిండా రంగు కలిపించాడు. నేను వేలు ముంచాను. మేష్టారు తన బెత్తం జీవితంలో చూడని ఈ తంతుని సాక్షిలా నిలబడి చూసి, మిరపకాయల మూట ఎత్తించుకుని, నా చెవి పట్టుకుని మరీ అదే బొగ్గుబస్సులో నందిగామ తీసుకుపోయారు. చిల్లకల్లు దాటాక రెండుసార్లు దిగి తోశాం. అదీ దేశసేవే అన్నారు.

పరీక్షలో మాటలు విడదీసే ప్రశ్న వచ్చింది. కాగితం మీద నాకు మాటలు కనిపించలేదు, మా కొట్టు కనిపించింది. ఒక్కొక్కదాన్నీ ముక్కుతో వాసన చూసి పట్టి దాని బస్తాలో పడేశాను. మసిరంగు అంటిన వేలు చూసి పర్యవేక్షకుడు దాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు గానీ, దాని మీద రాసుకొచ్చిందేమీ దొరకలేదు. గట్టెక్కాను, సరిగ్గా గట్టెక్కడానికి ఎంత కావాలో అంతే. నాన్న బజారంతా బెల్లం పంచాడు. కంజంక్షను గదా, నాకూ ఆయనకీ మధ్య పనికొచ్చింది. మైలవరం బేరం కూడా కుదిరింది, అది నా వేలి మహిమేనని నాన్న ఇప్పటికీ అంటాడు.

బెజవాడ కాలేజీకి వెళ్లే ముందురోజు మేస్త్రి నన్ను కొట్టు అరుగు మీద పట్టుకున్నాడు. "ఇన్ని బస్తాల మీద రాశాను గదా అబ్బాయిగారూ, ఇంతకీ ఆ మిరపకాయల మాటకి అర్థమేంటండీ?"

ఆ ప్రశ్న ప్యాసైనవాణ్ణి నన్నే అడిగాడు. నేను నిర్వచనం అప్పజెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు. నేనూ విన్నాను. ఇద్దరికీ ఏమీ తెలియలేదు. ఎనిమిది పేర్లు నాకొచ్చు, వాటితో మంచినీళ్లడగడం ఇంకా రాదు. అప్పుడతను కొంచెం సిగ్గుపడి, "పోనీ అది ఒదిలేయండి. నా పేరెట్టా రాయాలో చూపిచ్చండి" అన్నాడు. తెలుగులో గోనె మీద ఒక్కొక్క అక్షరం పలుకుతూ రాసి చూపించాను. కింద అచ్చంగా అలాగే దించాడు. దించి, తల పక్కకి వంచి చాలాసేపు చూశాడు.

"ఇంతేనా అండీ? మిరపకాయలకేమో అంత పొడుగాటి పేరా, నాకు మూడక్షరాలా!"

నవ్వాను. అతను మాత్రం నవ్వకుండా ఆ మూడక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటీ నెమ్మదిగా పైకి చదివాడు. అప్పటిదాకా రాయడమే వచ్చిన మనిషి మొదటిసారి చదివాడు. నా మేష్టరుద్యోగం నాకు తెలియకుండా ఆ అరుగు మీదే మొదలైంది. ఇవాళ నేనూ ఇంగ్లీషు మేష్టార్నే, బెత్తం లేదు గానీ సుద్దముక్క గురి బాగానే ఉంది. మొదటిరోజు మాత్రం ఆ ఎనిమిది పేర్ల జోలికి పోను. పిల్లల చేత వాళ్ల పేర్లే రాయించి చదివిస్తాను. అవి బోర్డు మీద కనిపించగానే వాళ్ల మొహాలు వెలిగినప్పుడల్లా, అర్థం తెలియని నిర్వచనాన్ని అంత ధీమాగా అప్పజెప్పిన ఆ కొత్త ఎస్సెల్సీ కుర్రాణ్ణి తలుచుకుని, వాడి చెవి కూడా ఒకసారి మెల్లిగా మెలిపెట్టాలనిపిస్తుంది.