పావు చుట్టు

ఆసుపత్రి నేలమాళిగలోని లాండ్రీలో ఆమెను అందరూ చక్రం వదిన అంటారు. ఇస్త్రీ రోలరుకు ఆవిరి వదిలే వాల్వు చక్రం ఆమె చేతిలో ఉంటుంది కనుక ఆ పేరు. పెట్టింది మడతల బల్ల దగ్గర పనిచేసే రేడియో. రేడియో కూడా మనిషే. నోటికి మీట లేదు కాబట్టి ఆమెకు ఆ పేరు.

చక్రం వదినకు పుట్టుకతోనే ముక్కు మీద కోపం. బళ్ళో చెల్లెలి జడ పట్టి గుంజిన పిల్ల చెయ్యి కొరికింది. పెళ్ళయిన కొత్తలో ఆడపడుచు ఏదో అన్నదని పొయ్యి మీద గిన్నె ఎత్తి వాకిట్లోకి విసిరింది. ఆ పూట ఇంటిల్లిపాదీ పస్తు. బాప్తిస్మం తీసుకున్నాక ఆ కోపమే తన పాపమని ఒప్పుకుంది. ఒళ్ళు మండినప్పుడల్లా నాలుకను పళ్ళ మధ్య నొక్కిపట్టడం నేర్చుకుంది. పాస్టరుగారు ఆమెను సంఘం ముందు నిలబెట్టి, "ఒకప్పుడు నిప్పు కణిక, ఇప్పుడు గొర్రెపిల్ల" అని చూపించారు. ఆమె తలొంచుకుని నవ్వింది. ఆ నవ్వులో కాస్త గర్వం ఉన్న మాట నిజం.

ఆమె పని గురించి కొంచెం చెప్పాలి. అన్నాల వేళకు బాయిలర్ మంట తగ్గిస్తారు. గొట్టాలు చల్లబడి లోపల నీళ్ళు చేరతాయి. మళ్ళీ ఆవిరి వదలగానే ఆ నీళ్ళు సలసల కాగుతూ రోలరు వెనక ఉన్న చిన్న గొట్టం లోంచి ఎగజిమ్ముతాయి. రోలరుకూ గోడకూ మధ్య ఒక్క మనిషి దూరేంత సందు. చక్రం దగ్గర నిలబడితే ఆ సందు కనిపించదు. అందుకని ఒక పద్ధతి ఉంది. చక్రం ముట్టుకునే ముందు "ఎవరున్నారు?" అని కేకెయ్యాలి. వెనక ఎవరన్నా ఉంటే "ఉన్నా" అనాలి. జవాబు రాకపోతే తిప్పెయ్యొచ్చు. కేకేశాక ఏం జరిగినా తిప్పిన మనిషిది తప్పు కాదు. గోడ మీద బోర్డులో కూడా అంతే రాసి ఉంది.

చెల్లెలిని ఆ పనిలో పెట్టించింది చక్రం వదినే. తల్లి పోయాక తన చేతుల మీద పెరిగిన పిల్ల. తన కళ్ళ ముందుంటే ధైర్యంగా ఉంటుందనుకుంది. ఒక మధ్యాహ్నం మామూలుగా కేకేసింది.

"ఎవరున్నారు?"

"ఉన్నా. ఉన్నా, అక్కా."

ఒక్కసారి అనే మాట రెండుసార్లు వినబడింది. అక్కా అని పనిలో ఎప్పుడూ పిలవదు. చక్రం వదిన చెయ్యి తీసి ఆగింది. సందులోంచి చెల్లెలు వచ్చింది. రవిక చెయ్యి భుజం దగ్గర చిరిగి ఉంది. దాని వెనకాలే సూపర్‌వైజరు వచ్చాడు, చేతి గడియారం సర్దుకుంటూ. ఆయన్ని సెంటు సార్ అంటారు. మనిషి రాకముందే వాసన వస్తుంది. నేలమాళిగ అంతటికీ కెమెరాలు ఉన్నాయి గాని ఆ సందుకు లేవు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆడవాళ్ళకూ తెలుసు.

చెల్లెలు అక్క మొహం వంక చూసింది. అక్క నాలుకను పళ్ళ మధ్య నొక్కిపట్టింది. మొహం తిప్పుకుంది. చక్రం తిప్పింది.

ఆ తర్వాతి వారం, సంచులు తగిలించే మేకుల దగ్గర సెంటు సార్ చేతిలో చెల్లెలి సంచి చక్రం వదినకు కనబడింది. ఆయనకు ఆ సంచితో ఏం పనా అనుకుంది, అనుకుని ఊరుకుంది. సాయంత్రం గేటు దగ్గర తనిఖీలో ఆ సంచిలోంచి ఆసుపత్రి ముద్ర ఉన్న కొత్త దుప్పట్లు బయటపడ్డాయి. అందరి ముందూ దొంగ అన్నారు, పనిలోంచి తీసేశారు. చెల్లెలు ఏడవలేదు. "అక్కా, చెప్పు" అన్నది. చక్రం వదిన నీళ్ళు నమిలింది.

ఆ ఆదివారం పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. సెంటు సార్ కూడా ఆ సంఘం మనిషే. ముందు వరసలో కుర్చీ ఆయనది. మందిరంలో తిరిగే ఫ్యాన్లు ఆయన ఇచ్చినవే. పాస్టరుగారు కాసేపు ఫ్యాను వంక చూసి అన్నారు: "అమ్మా, నీలో ఆ పాత కోపం మళ్ళీ లేస్తోంది. కోపం, కలహం, ఇవన్నీ శరీర కార్యాలని బైబిల్లోనే ఉంది. దీర్ఘశాంతం, అంటే ఓర్పు, అది ఆత్మ ఫలం. ప్రభువుకు వదిలెయ్యి."

మింగమని చెప్పేది ఎప్పుడూ మింగుతున్న వాళ్ళకే. సందులో ఆడపిల్ల చెయ్యి పట్టినవాడిని పిలిచి, నీది శరీర కార్యం అని చెప్పడానికి ఆ పెద్దమనిషికి నోరు రాలేదు. మోహం, దౌర్జన్యం, అబద్ధ సాక్ష్యం ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటే వాటికి మర్యాద. వెనక వరసలో ఒక ఆడదానికి కడుపు మండితే అది మాత్రం పాపం. ఇలాంటి బోధ చేసే నోళ్ళను చూస్తే ఎవరికైనా అసహ్యం పుట్టాలి.

అయితే చక్రం వదినను వెనకేసుకు రావడం కూడా కుదరదు. ఆమె అక్కడికి వెళ్ళింది సలహా కోసం కాదు, సాకు కోసం. ఇంటాయన మంచం పట్టి చాలా కాలమైంది. ఈ పని పోతే ఇల్లు గడవదు. భయపడింది. ఆ భయానికి దీర్ఘశాంతం అని పేరు పెట్టి పంపించారు, తీసుకుని వచ్చేసింది. చెల్లెలు ఆమెతో మాట్లాడటం మానేసింది. దొంగ అన్న ముద్ర పడ్డాక దానికి ఇంకెక్కడా పని దొరకలేదు. లాండ్రీలో మాత్రం సెంటు సార్ మునుపటికంటే మర్యాదగా పలకరించేవాడు. "నీలాంటి వాళ్ళు నలుగురుంటే చాలమ్మా" అనేవాడు. ఆ మాటకు ఆమె అరికాలి మంట నెత్తికెక్కేది. పళ్ళ మధ్య నాలుక పుండయింది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం అన్నాల వేళ అయిపోయింది. తడి దుప్పట్లు గుట్టగా పడి ఉన్నాయి. మడతల బల్ల దగ్గర ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు.

"ఎవరున్నారు?" అని కేకేసింది.

జవాబు లేదు.

చక్రం మీద చెయ్యి వేసింది. అప్పుడు వాసన తగిలింది. సబ్బు, బ్లీచింగు ఘాటు మధ్య ఆ వాసన ఎక్కడున్నా పట్టెయ్యొచ్చు. మెల్లిగా వంగి చూసింది. రోలరు కింది ఖాళీలోంచి పాలిష్ పెట్టిన బూట్లు కనబడ్డాయి, సరిగ్గా గొట్టం ముందు. ఆయన ఎవరితోనో ఫోన్లో నవ్వడం అంత దగ్గరికి వంగితే సన్నగా వినబడింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉంటాడు. కేక వినబడలేదు.

"తిప్పు వదినా" అన్నది రేడియో. "ఎవరూ లేరుగా. గుట్ట చూడు, మా ఆయన బద్ధకంలా పెరిగిపోతోంది."

నవ్వులు వినబడ్డాయి. చక్రం వదిన నవ్వలేదు. కేకేసింది, జవాబు రాలేదు. బోర్డు మీద ఉన్నట్టే చేసింది. సాక్ష్యం చెప్పడానికి బల్ల చుట్టూ మనుషులున్నారు. తనను ఎవరూ పల్లెత్తు మాట అనలేరు.

ఆ చక్రం మొదటి పావు చుట్టు ఉత్తదే. వదులుగా తిరుగుతుంది, ఆవిరి రాదు. అది దాటితేనే గొట్టం నోరు తెరుచుకుంటుంది. ఆమె ఆ పావు చుట్టు తిప్పింది.

తిప్పుతుంటే లోపల ఏదో తియ్యగా కదిలింది. అది కోపం కాదు. కోపం ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. కోపం వస్తే గుండె దడదడలాడుతుంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, నోరు తెరిచి అరవాలనిపిస్తుంది. ఇది చల్లగా ఉంది. ఆ మొహం ఉడికి తోలు ఊడుతుంటే ఎలా ఉంటుందో ముందే కనబడింది, చూడాలనిపించింది. చప్పరించాలనిపించేంత తీపి. ఇన్నాళ్ళూ కోపాన్ని పాపమని కట్టేసి కాపలా కాసింది. ఆ కట్టేసిన చోటే ఇది పెరిగింది.

నాలుక పళ్ళ మధ్యే ఉంది. అది తెలిసి ఆమె ఉలిక్కిపడింది. చెల్లెలు బయటికొచ్చిన రోజున కూడా ఇలాగే నోరు మూసుకుని తిప్పింది. ఆ రోజు మంచి పేరు కోసం, ఈ రోజు పగ కోసం. రెండూ ఒకే చెయ్యి, ఒకే మూసిన నోరు.

"ప్రభువా" అన్నది, పైకే. పని ముందుకు సాగడం లేదని విసుక్కుంటున్న రేడియో ఆ గొంతు విని ఆగిపోయింది.

చక్రం వెనక్కి తిప్పి బిగించింది. చుట్టూ తిరిగి సందులోకి దూరి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది.

"ఏయ్, ఏంటిది? ఫోన్లో ఉన్నా, కనబడట్లేదా?"

"కనబడ్డారు సార్. బూట్లు కనబడ్డాయి. ముందు బయటికి రండి."

ఆయన్ని బల్ల దాకా లాక్కొచ్చి వదిలింది. మళ్ళీ చక్రం దగ్గరికి వెళ్ళి కేకేసింది. సందు ఖాళీ. తిప్పింది. గొట్టం లోంచి కాగే నీళ్ళు ఒక్కసారిగా వెళ్ళి ఎదుటి గోడకు కొట్టుకున్నాయి. ఆయన మొహం ఉన్న ఎత్తులో సున్నం పెచ్చు ఊడి పడింది. ఆవిరి పలచబడ్డాక చూస్తే సెంటు సార్ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"నువ్వు... నేనున్నానని చూసి కూడా..."

"చూసి కూడా పావు చుట్టు తిప్పా సార్. అబద్ధమెందుకు. మిమ్మల్ని ఉడకబెట్టాలనే అనుకున్నా. అది నా పాపం, దేవుడికి చెప్పుకుంటా. ఇంకోటి కూడా చూశా, అది అందరికీ చెప్తా. నా చెల్లెలు ఈ సందులోంచి చిరిగిన రవికతో వచ్చింది, దాని వెనక మీరు వచ్చారు. తర్వాత దాని సంచి మీ చేతిలో చూశా. ఆ సాయంత్రమే దాంట్లో దుప్పట్లు దొరికాయి. అది దొంగ కాదు."

ఆయన చొక్కా సర్దుకున్నాడు. గొంతు తగ్గించి, మందిరంలో మాట్లాడే గొంతుతో అన్నాడు: "కోపంలో ఉన్నావమ్మా. సంఘం ముందు సాక్ష్యం చెప్పినదానివి. ఇది నీలో ఆత్మ మాట్లాడించే మాటేనా?"

"కోపంలోనే ఉన్నా. ఇన్నాళ్ళూ నోరు మూయించింది ఆత్మ కాదు సార్, భయం. మీకు బాగా పనికొచ్చింది."

"రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు."

"రేపు వస్తా. పై ఆఫీసుకు. ఇదే మాట అక్కడ చెప్తా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరి భయం వాళ్ళది. రేడియో తల వంచుకుని దుప్పటి మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. సాయంత్రం చెప్పులు వేసుకునే చోట మాత్రం పక్కకొచ్చి నిలబడింది.

"వదినా, పావు చుట్టేనా?"

"పావే."

"నేనైతే మొత్తం తిప్పేదాన్ని."

"అందుకే నీకు చక్రం ఇవ్వలేదే."

రేడియో నవ్వబోయి ఆగింది. తన మణికట్టు చూపించి, "నన్నూ పట్టుకున్నాడు, ఆ సందులోనే" అన్నది. అంతకంటే చెప్పలేదు. చక్రం వదిన ఆ మణికట్టు మీద చెయ్యి వేసి, "చెప్పాలనిపిస్తే రేపు రా" అని బయలుదేరింది.

తిన్నగా చెల్లెలి గదికి వెళ్ళింది. తలుపు సగమే తెరుచుకుంది. గడప ఇవతలే నిలబడి, సందు, బూట్లు, పావు చుట్టు, అన్న మాటలు, అన్నీ చెప్పింది. ఏమీ దాచలేదు. చెల్లెలు తలుపు అంచు పట్టుకుని విన్నది.

"తిప్పాల్సింది" అన్నది చివరికి.

"నాకూ అలాగే అనిపించింది."

"మరెందుకు ఆగావు? మంచిదాననిపించుకోడానికా మళ్ళీ?"

"కాదే. నోరు మూసుకుని తిప్పుతున్నానని తెలిసి ఆగా. ఆ రోజు నీ దగ్గర కూడా అదే చేశా."

"గేటు దగ్గర నీ మొహమే చూశా అక్కా. వాడి మొహం కాదు. వాడి బతుకే అంత. నువ్వు చేసింది..." మాట పూర్తి చెయ్యలేదు. "క్షమించమని అడక్కు."

"అడగను."

"రేపు నేనూ వస్తా. నా ఎదురుగా మళ్ళీ చెప్పు. అక్కడికెళ్ళి నసిగావంటే నీ గుమ్మం తొక్కను."

"చెప్తా."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. పిల్లకు ఇంకా కోపం ఉంది. ఉండాలి కూడా, అనుకుంది చక్రం వదిన.

నడుస్తూ ప్రార్థన చేసుకుంది. ఎన్నో ఏళ్ళుగా చేసే ప్రార్థన ఒకటుంది, కోపం తీసెయ్యమని. ఆ మాటలు నోటి దాకా వచ్చాయి గాని అనలేదు. "ఈ కోపం రేపు ఆఫీసు తలుపు దాకా ఉండనీ" అన్నది. అరచేతిలో చక్రం వదులుగా తిరిగిన ఆ తీపి ఇంకా అంటుకునే ఉంది. చేతిని చీరకు తుడుచుకుంది. "ఇది మాత్రం తీసెయ్."

మళ్ళీ తుడుచుకుంది.