మూడున్నర లక్షల చిల్లు

మా అపార్ట్‌మెంటుకు స్విమ్మింగ్ పూల్ ఉందంటే పంజాగుట్టలో ఎవరూ నమ్మరు. వాళ్ల తప్పేం లేదు. రోడ్డు మీద నుంచి చూస్తే బాల్కనీల్లో ఆరేసిన బట్టలు తప్ప ఇంకేమీ కనిపించవు. వెనకవైపు జనరేటర్ పక్కన చిన్న పూల్ ఒకటి ఉంది. బిల్డర్ మహానుభావుడు అందులో టైల్స్ వేయలేదు. టైల్స్ బొమ్మ అచ్చేసిన మందపాటి నీలం ప్లాస్టిక్ షీటు పరిచి చేతులు దులుపుకున్నాడు. దాన్ని లైనర్ అంటారు. నీళ్లను పట్టి ఉంచేది అదే. అది చిరిగితే పోసిన నీళ్లన్నీ మట్టిపాలు.

నాకు ఈత రాదు. కోస్తా నుంచి వచ్చి అమీర్‌పేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. మా ఇన్‌స్టిట్యూట్ ఉన్న మైత్రీవనం మెట్లు ఎక్కి దిగడమే నా వ్యాయామం. ఈత మా ఆవిడది. ఆవిడ యూసుఫ్‌గూడలో పుట్టి పెరిగింది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. నేల మీద చేతికర్ర లేకుండా నడవలేదు. యాభై దాటాక డాక్టర్ చెబితే నీళ్లలోకి దిగింది, దిగీ దిగగానే చేప అయిపోయింది. నీళ్లలో ఆవిడకు కర్ర అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. రెండో మాట నాకు తరచూ గుర్తుచేస్తుంటుంది.

మెట్లు లేని ఆ పూల్‌లోకి దిగడానికి కమిటీతో పోట్లాడి ఒక స్టీలు నిచ్చెన కూడా పెట్టించుకుంది. అందరూ దాన్ని ఆంటీ నిచ్చెన అనేవాళ్లు.

మొన్న ఎండాకాలం పూల్‌లో నీళ్లు తగ్గడం మొదలైంది. సాయంత్రం ట్యాంకర్‌తో నింపితే పొద్దుటికి బెత్తెడు దిగిపోయేది. కమిటీ పిలిస్తే లైనర్లు వేసే కాంట్రాక్టర్ వచ్చాడు. నీళ్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఫోన్‌లో లెక్క వేశాడు.

"మొత్తం మార్చాలె అన్నా. మూడున్నర లక్షలైతది."

"అతుకు వెయ్యరాదా?" అంది మా ఆవిడ.

"చిల్లు ఏడుందో తెల్వాలె గదా అమ్మా. నీళ్లన్నీ తోడి దేవులాడాలె. అతుకుకు గ్యారంటీ నేనియ్య."

ఈ మాట మా ప్రెసిడెంట్ గారికి పంచదార పలుకులా వినిపించింది. ఆయనకు ఎప్పటి నుంచో పూల్ పూడ్చి కార్లు పెట్టించాలని ఉంది. ఆదివారం పదకొండింటికి మీటింగ్ అని లిఫ్టులో కాగితం అంటించారు. విషయం ఒక్కటే: కొత్త లైనరా, పార్కింగా. మూడున్నర లక్షలు పంచుకోవాలంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు. ఆ రాత్రి మా ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు. అంత నోరున్న మనిషి కంచంలో మెతుకులు కెలుకుతూ కూర్చుంటే నాకు భయం వేసింది. పూల్ పోతే ఆవిడ సొంతంగా నడిచే చోటు ఇంకొకటి లేదు.

"చిల్లు దొరికితే అతుకెయ్యడానికి ఆ కాంట్రాక్టర్‌కేం రోగం?" అంది చివరికి. "నేనే దేవులాడ్త."

శనివారం పొద్దున్నే వాచ్‌మన్‌తో పూల్ నీళ్లు తిప్పే మోటారు ఆపించింది. నీళ్లు నిలకడగా ఉండాలట. నా కంటి చుక్కల ఖాళీ సీసా అడిగి తీసుకుంది. అందులో మా వంటింట్లోని, స్వీట్లలో వేసే కేసరి రంగు నీళ్లలో కలిపి నింపింది. చిల్లు ఉన్నచోట నీళ్లు బయటికి లాగుతాయి కాబట్టి రంగు కూడా అటే పోతుందని ఆవిడ లెక్క. వీడియోల్లో చూసిందట. ఊపిరి బిగబట్టి మునగడం, గోడ పక్కన ఒక్క చుక్క వదలడం, కదలకుండా చూడటం, పైకి తేలి ఊపిరి పీల్చుకోవడం. నేను గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. బాల్కనీల్లోంచి జనం తొంగిచూశారు.

"మేడం గారు స్వీట్లు చేస్తున్నారా అండీ?" అన్నారు ప్రెసిడెంట్ గారు పైనుంచి. నాకు ఒళ్లు మండింది. మా ఆవిడ ఇంకో చుక్క వదలడానికి మునిగింది.

నాలుగు గోడలూ అయిపోయాయి. చుక్క వేసిన చోటల్లా రంగు మబ్బులా విచ్చుకుపోయింది తప్ప ఎటూ పోలేదు. ఆవిడ అలిసిపోయి నిచ్చెన పట్టుకుంది. పట్టుకుని, అక్కడే ఆగిపోయింది. మళ్లీ మునిగి, నిచ్చెన కాలు గోడకు ఆనేచోట ఒక చుక్క వదిలింది. ఆ నారింజ రంగు సన్నని దారంలా సాగి నిచ్చెన కాలు వెనక్కి దూరిపోవడం గట్టు మీద నుంచి నాకూ కనిపించింది. కాలికి ఉండాల్సిన రబ్బరు తొడుగు అరిగి ఊడిపోయి, స్టీలు అంచు షీటును కోసేసింది.

పైకి వచ్చింది. మొహంలో సంతోషం లేదు.

"నా నిచ్చెనే చింపింది" అంది.

నేను గొంతు తగ్గించి, "చిల్లు దొరికిందని మాత్రం చెబుదాం. ఎలా పడిందో ఎవరడుగుతారు?" అన్నాను.

"నేను చెప్త."

మీటింగ్‌లో అందరికంటే ముందు ఆవిడే లేచింది. కర్ర మీద బరువు మోపి నిలబడింది.

"చిల్లు దొరికింది. నా నిచ్చెనతోనే పడ్డది. రబ్బరు అరిగింది, నేను చూస్కోలే. అతుకు ఖర్చు నాదే. గానీ గింత చిల్లుకు మొత్తం షీటు మార్చుడెందుకు? పూల్ పూడ్చుడెందుకు? రేపు మీ మోకాళ్లకు సుత గీ నీళ్లు అక్కరకొస్తయ్, యాదుంచుకోండ్రి."

ఎవరూ నవ్వలేదు. మూడో అంతస్తు పెద్దాయన తన మోకాలు తడుముకోవడం చూశాను. తర్వాత చేతులెత్తమన్నారు. పార్కింగ్‌కు ప్రెసిడెంట్ గారిది, ఇంకో ఇద్దరివి లేచాయి. అంతే. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను కూడా.

కాంట్రాక్టర్ వచ్చి అరచేయంత నీలం ముక్క అతికించి రెండు వేలు తీసుకున్నాడు. చిల్లు చూపిస్తే అతికించడానికి ఆయనకు పావుగంట పట్టింది.

నిచ్చెన కాలికి తొడుగు మాత్రం ఆయన దగ్గర లేదు. మా ఆవిడ తన చేతికర్ర తిప్పి చూసి, కింద ఉన్న నల్ల రబ్బరు లాగి వాచ్‌మన్‌కు ఇచ్చింది. నిచ్చెన కాలికి అది అతికినట్టు సరిపోయింది.

మర్నాడు తెల్లారి ఈతకు బయల్దేరింది. రబ్బరు లేని కర్ర కారిడార్ అంతా టక్కు టక్కుమని మోగింది. జారుతుందేమోనని నేను పక్కనే నడిచాను.

"జర మెల్లగ కొట్టు, అందరు లేస్తరు" అన్నాను ఆవిడ భాషలోనే.

"లేవనియ్యి" అంది.

నీళ్ల దగ్గర కర్ర నా చేతికిచ్చి, నిచ్చెన దిగి, వెనక్కి చూడకుండా ఈదుకుంటూ వెళ్లిపోయింది. అతుకు చెక్కుచెదరలేదు. ఆ సాయంత్రం అమీర్‌పేట మెడికల్ షాపులో కర్రకు కొత్త రబ్బరు కొన్నాను. నిజం చెప్పొద్దూ, కొనబుద్ధి కాలేదు. నా భార్య ఈతకు వెళ్తోందని ఆ చప్పుడు అపార్ట్‌మెంటు మొత్తానికీ చెబుతోంది.