వానబండ మీద ప్రజాభిప్రాయం

“ఆ రోజుల్లో” అన్నానని మరీ రాజుల కాలంలోకి పోకండి, మా ఊళ్ళో మేకలు కాసేవాళ్ళ దగ్గర కూడా స్మార్ట్‌ఫోన్లు ఉన్న కాలమే అది. అయినా ఆ రోజులంటే ఆ రోజులే. మెడలో గుర్తింపు కార్డు వేలాడితే చాలు, ప్రభుత్వమంటే నేనే అనుకునే వయసు. ఉద్యోగం తాత్కాలికమే గానీ నా నడకలో ఆ తాత్కాలికం ఎక్కడా కనిపించేది కాదు. అన్నానికి కూర్చున్నప్పుడు కూడా కార్డు తీసేవాణ్ణి కాదు. (“చారులో మునుగుతాండాది, పక్కన పెట్టు” అని మా అమ్మ రోజూ గుర్తుచేసేది.)

ఇంతకీ నేను చేసే పనేమిటంటే, జింకల తరఫున మనుషులతో మాట్లాడటం. మా అనంతపురం మెట్టల్లో వానలకు కొదవ గానీ జింకలకు కొదవ లేదు. వేరుశెనగ మొలక రెండాకులు వేసిందో లేదో, పిలవని పెళ్ళికి వచ్చినట్టు గుంపులుగా దిగుతాయి. వాటికి ఒక అభయారణ్యం ఏర్పాటు చేద్దామని పైవాళ్ళు అనుకున్నారు. దానికి ముందు ఊరూరా సభ పెట్టి జనం ఏమంటారో అడగాలి. ఆ సభలకు జనాన్ని పోగెయ్యడం, భయపడకుండా ఎలా మాట్లాడాలో నేర్పడం నా ఉద్యోగం. “సభలో చెయ్యెత్తి, నోరు తెరిచి చెప్పండి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే” అని రాప్తాడు నుంచి గోరంట్ల దాకా ఎన్ని ఊళ్ళలో చెప్పానో. అంతా బాగానే సాగింది, అభయారణ్యం గీత మా ఊరి దాకా వచ్చేవరకు. ఆ గీత మా గుట్టనూ, గుట్ట కింద ఉన్న మా నాయన చేనునూ కలిపి మింగేసింది.

నాయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. చేతులు కడుక్కొని నా ఎదురుగా కూర్చుని, “ఊర్లోళ్ళందరికీ మాట్లాడేది నేర్పిస్తాండావంట గదా, నాకూ నేర్పీ” అన్నాడు. కాదనడానికి వీల్లేదు, నా డ్యూటీ అదే కదా! అప్పట్నుంచి రోజూ అన్నాల వేళ నేను ఆఫీసరు, ఆయన రైతు. మొదట్లో ఆయన ప్రసంగం నిండా తిట్లే ఉండేవి. ఒక్కొక్కటే ఏరి పారేశాను. ముందు “నాకు అభ్యంతరం ఉంది సార్” అనాలని, ఆ తర్వాతే కారణం చెప్పాలని నేర్పాను. తిట్లన్నీ పోయాయి గానీ ఒక్క మాట మాత్రం ఆయన చచ్చినా వదలనన్నాడు. అది నా గురించి. తీసెయ్ నాయనా అని ఎంత బతిమాలినా, “అదే గదరా అసలు కారణం” అంటాడు. మధ్యలో ఆయన మరిచిపోయినప్పుడల్లా నేనే అందించేవాణ్ణి. అలా అందించీ అందించీ, సభ దగ్గర పడేసరికి ఆ ప్రసంగం ఆయన కంటే నాకే బాగా వచ్చేసింది.

మా ఆఫీసరు కోస్తా వైపు మనిషి, మెత్తనివాడు. ఎండకు తట్టుకోలేక ఎప్పుడూ గొడుగు వేసుకుని తిరిగేవాడు. విత్తనం వేసి ఆకాశం వైపు చూస్తున్న ఊళ్ళో గొడుగు వేసుకున్న మనిషి కనిపిస్తే ఎలా ఉంటుంది? మావాళ్ళు ఆయనకు గొడుగు సార్ అని పేరు పెట్టేశారు. గీత ఎక్కడ పోతుందో అందరికీ కళ్ళతో చూపించాలని, సభ గుట్ట మీదే పెట్టమన్నాడు ఆయన. సరిగ్గా అదే ఆదివారం, అదే గుట్ట మీద, ఊరు వరదపాయసం పెట్టుకుంది.

తెలియనివాళ్ళకు చెబుతాను. మొలకలు వాడిపోతుంటే ఇంటింటి నుంచి బియ్యం, బెల్లం పోగేసి, గుట్ట మీద పాయసం వండి, వానబండ మీద పోస్తారు. చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, బండకు నోరానించి తినాలి. బండ శుభ్రమయ్యేదాకా చెయ్యి ముందుకు రాకూడదు, మాట బయటికి పోకూడదు. నియమం తప్పితే వచ్చే మేఘం వెనక్కి పోతుందని నమ్మకం. దీనికంతటికీ పెద్ద మా అవ్వ. “పాయసం ముందు, మీటింగు ఎనక” అని తేల్చేసింది. ఆ మాట సార్‌కు చెప్పాను, ఆయన సరేనన్నాడు. పాయసం అంటే గ్లాసుల్లో పోసి ఇస్తారనుకున్నాడని తర్వాత తెలిసింది.

ఆ రోజు ఊరంతా బండ చుట్టూ వంగింది. నేను మాత్రం డ్యూటీలో ఉన్నాను కాబట్టి (బూట్లు వేసుకున్నాను కూడా) సార్ పక్కన నిలబడ్డాను. సార్ కాగితంలోంచి తలెత్తి చూసి, పాయసానికి ముందు బండకు దండం పెడుతున్నారనుకున్నాడు. ఎన్నో సభలు పెట్టాడు గానీ ఇంత నిశ్శబ్దంగా ఉన్న జనాన్ని ఆయన ఏ ఊళ్ళోనూ చూడలేదట. ఇంకో ఊళ్ళో సభకు టైమవుతోంది. ఇదే అదను అనుకుని, గొడుగు కిందే నిలబడి తీర్మానం గడగడా చదివేసి, “అభ్యంతరం ఉన్నవాళ్ళు చేతులెత్తండి” అన్నాడు.

ఒక్క చెయ్యి లేవలేదు. ఎలా లేస్తుంది? ఊరి చేతులన్నీ నడుముల వెనకే ఉన్నాయి. బండకు మూతి ఆనించిన మా నాయన కళ్ళు మాత్రం పైకి తిప్పి నన్ను చూశాడు. అన్నాల వేళ నేర్చుకున్న ప్రసంగమంతా ఆ కళ్ళలో ఉంది, నోట్లో పాయసం ఉంది. అవ్వ కూడా చూసింది. సార్ సంతోషంగా “ఏకగ్రీవం” అంటూ పెన్ను తీశాడు. ఆయన రాశాడంటే గుట్ట పోయినట్టే, చేను పోయినట్టే. చూస్తే అక్కడ ఖాళీగా ఉన్న చేతులు నావి మాత్రమే.

చెయ్యెత్తాను.

“నీకేమయ్యా?” అన్నాడు సార్.

నాకు రెండో ప్రసంగం రాదు. వచ్చింది ఒక్కటే, అదీ నాయన మాటల్లోనే. ఎక్కడా ఆగకుండా ఒప్పజెప్పేశాను: “నాకు అభ్యంతరం ఉంది సార్. ఈ గుట్ట కింద నాకు పదెకరాల చేను ఉండాది. మా తాతల కాలం నుంచి ఈ బండ మీదే వాన అడుక్కుంటాండాము. గుట్టకు కంచె ఏస్తే మేం యాడికి పోయి అడగల్ల? జింకలు తినంగా మిగిలిందే మేం తింటాండాము, దానికి మేమేమీ అనలేదు. నాకొక కొడుకు ఉండాడు సార్. వాడు సేద్యానికి పనికిరాడు. ఈ చేను పోతే నేను వాని సంపాదన మీద బతకల్ల. దానికంటే జింకలతో పాటు గడ్డి తినేది మేలు.”

సార్ గొడుగు దించి నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. “నీకు పెళ్ళయిందా?”

“లేదు సార్.”

బండ చుట్టూ వీపులు కదలడం మొదలైంది. నవ్వకూడదు, నోరు తెరవకూడదు. మా నాయన వీపు అందరికంటే ఎక్కువగా ఊగిపోతోంది. చివరికి ఆపుకోలేక మొదట నవ్వింది నియమాలన్నిటికీ పెద్ద అయిన మా అవ్వే. ఆ తర్వాత ఎవరు ఎవర్ని ఆపగలరు? ఆ సాయంత్రం కమ్ముకొచ్చిన మేఘం నేరుగా గోరంట్ల వైపు పోయి అక్కడ కురిసింది. ఆ పాపం ఇప్పటికీ నా ఖాతాలోనే ఉంది.

సార్ మెత్తనివాడని ముందే చెప్పాను. మూతులు కడుక్కొని వచ్చినవాళ్ళందర్నీ కూర్చోబెట్టి, మళ్ళీ మొదటినుంచి అడిగాడు. ఆ తర్వాత గీత గుట్ట వెనక్కి జరిగింది. (జింకలకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అవి ఇప్పటికీ మా చేనికే వస్తాయి.) నా కాంట్రాక్టు మాత్రం మళ్ళీ పొడిగించలేదు. ఆ రోజు ఇంటికొచ్చాక నాయన నా పళ్ళెంలో తనే ముద్ద పెట్టి, “సార్, ఆ కొడుకు మాట తీసేసి చెప్పి ఉండొచ్చు లే” అన్నాడు. మొదటిసారి మెడలో కార్డు తీసి పక్కన పెట్టి, ఆ ముద్ద తిన్నాను.

ఇప్పుడు అనంతపురంలో ఇంకో ఆఫీసులో పనిచేస్తున్నాను, ఇది పర్మనెంటు. నెలనెలా మీటింగులుంటాయి. ఎవరికీ నచ్చని సంగతేదో చదివి వినిపించి, “ఎవరికైనా అభ్యంతరమా?” అంటారు పెద్ద సార్. అందరం చేతులు వెనక్కి కట్టుకుని బుద్ధిగా నిలబడి ఉంటాం, నేను కూడా. అప్పుడు మా వానబండ గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. ఆ రోజు మావాళ్ళ ముందు కనీసం పాయసమైనా ఉంది.