వైకుంఠరావు ప్రకటించిన సన్యాసం

ఒడియా వాళ్ల మధ్య తెలుగువాళ్లుండే గోసాని నువాగాంలో మినపపప్పు టోకు వ్యాపారం చేసే వైకుంఠరావుకి మనుషులు కనబడరు, రికార్డులు కనబడతాయి. ఎదురుగా ఎవరైనా వచ్చి నిలబడితే చాలు, ఆ మనిషి జీవితంలో చేసిన పనంతా లెక్క కట్టి, ప్రపంచంలోని ఎవరో ఒక మహా ఆటగాడి లెక్క పక్కన పెట్టి, ఇద్దరి మధ్యా ఎంత దూరం ఉందో చెప్పేదాకా ఆయనకి ఊపిరాడదు. క్రికెట్టనీ, టెన్నిసనీ, ఈతనీ తేడా లేదు. అన్ని ఆటల లెక్కలూ నాలుక చివరే ఉంటాయి.

అలాగని ఆయన ఏ ఆటా ఆడిన మనిషి కాదు. ఆ సంగతి దాచుకోడు కూడా.

"సిన్నప్పుడు కర్రాబిళ్లా ఆడినాను. ఒక్క రోజు. బిళ్లొచ్చి కంటి మీద పడ్డాది. సాయంత్రానికి మానీసినాను."

"మరి పెళ్లో బాబూ?" అని ఎవరైనా కొంటెగా అడిగితే, "అరవై నాలుగేళ్లు రిజర్వు బెంచీ మీదే కూకున్నాను. ఇలాటి ఆటగాడు ఏ దేశంలోనైనా ఉన్నాడేమో సూపించు!" అని తనే ముందు నవ్వేసేవాడు. అడిగినవాళ్లు నవ్వాలో వద్దో తేల్చుకోలేక వెళ్లిపోయేవారు.

అప్పడాల వ్యాపారి సోమేశ్వరరావు కూతురు కీర్తి పెళ్లిలో, అక్షింతలు వేసి ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. పెళ్లికొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"బాబూ, ఫెదరర్ అంతటోడు పన్నెండొందల యాభై ఒక్క మ్యాచీలు నెగ్గినాడు. రెండొందల డెబ్బై అయిదు ఓడిపోనాడు. ఓడినప్పుడల్లా నెట్టు కాడికెల్లి సెయ్యి కలిపినాడు. మా కీర్తితో మాటా మాటా వొచ్చిందనుకో, నువ్వు కూడా గమ్మున నెట్టు కాడికి ఎల్లాల."

పెళ్లికొడుకు కంగారుపడి, "మా ఇంట్లో నెట్టు ఉందండి, వైఫై" అన్నాడు.

ఇంకోసారి పక్క వీధిలో ఒక పెద్దాయన పోతే పలకరింపుకి వెళ్లాడు. ఏడుస్తున్న కొడుకు పక్కన కూర్చుని వయసెంతని అడిగాడు. ఎనభై తొమ్మిదన్నారు. వైకుంఠరావు నాలుక కరుచుకుని, "అయ్యో, సెంచరీ ముంగిట అవుటైపోనాడే!" అన్నాడు. ఇద్దరు మనుషులు ఆయన్ని చెరో భుజమూ పట్టుకుని మర్యాదగా బయటికి తీసుకొచ్చి ఎండలో నిలబెట్టారు. ఎనభై తొమ్మిది మంచి స్కోరే కదా, ఇందులో తప్పేముందని ఆయన ఆ ఎండలో చాలాసేపు ఆలోచించాడు.

ఇలాంటి మనిషి దగ్గర ఎవరు నిలబడతారు? అప్పయ్య టీ కొట్టు ముందు ఆరుగురు పట్టే బల్ల ఉంది. వైకుంఠరావు మలుపు తిరిగితే ఆ ఆరుగురూ గ్లాసులు పట్టుకుని లేచిపోతారు. ఆయన ఆ బల్ల మీద ఒక్కడే కూర్చుని అప్పయ్యకి చెప్పుకుంటాడు. అప్పయ్య వింటాడు. మరుగుతున్న పాలని వదిలి అతను మాత్రం ఎక్కడికి పారిపోతాడు?

అప్పయ్య తరవాత ఆయన మాటలు వినక తప్పనిది సాయిపద్మకి. సోమేశ్వరరావు అప్పడాల ఇల్లు వైకుంఠరావు కొట్టుకి ఎదురుగానే ఉంది. రోజూ పదకొండు గంటలకి, తను పంపిన పప్పు ఎలా ఉందో కనుక్కునే వంకతో, ఆయన గుమ్మంలో వచ్చి నిలబడేవాడు. లోపల తొమ్మిదిమంది ఆడవాళ్లు పీటల ముందు కూర్చుని అప్పడాలు ఒత్తుతుంటారు. ఎనిమిదిమంది తలలు వంచేసుకుంటారు. సాయిపద్మ పీట గుమ్మం పక్కనే. తల వంచుకున్నా ఆయన కాళ్లు కనబడతాయి. అందుకని "ఊఁ" అనేది.

"బోల్టు వంద మీటర్లు తొమ్మిది పాయింటు అయిదు ఎనిమిది సెకన్లు. ఇన్నావా?"

"ఊఁ."

"నువ్వు నిమిషానికి రెండు అప్పడాలు. నాను గడియారం పెట్టి సూసినాను."

"ఊఁ."

"మరీ అంత పొంగిపోకమ్మా" అనేవాడాయన. పక్క పీట మీది కూర్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది.

ముప్పై ఒక్కేళ్లు ఇలా గడిచాయి. మొన్న వేసవిలో సాయిపద్మ కుడి మణికట్టు వాచింది. ఎముకల డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, ఇంక అప్పడాల కర్ర ముట్టుకోవద్దని చెప్పేశాడు. ఆవిడకి యాభై ఎనిమిదేళ్లు. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. తిండికి లోటు లేదు, సొంత గది ఉంది. ఆవిడ భయం తిండి గురించి కాదు. మాట గురించి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిడ విన్న మాటలూ ఆడిన మాటలూ అన్నీ ఆ పీటల మధ్యవే. రేపట్నుంచి తనతో మాట్లాడే మనిషెవరు? ఈ ఒక్క ప్రశ్న డాక్టరు దగ్గర్నుంచి ఇంటిదాకా ఆవిడ వెంట నడిచింది.

ఆఖరి రోజు శనివారం. పెద్ద పెళ్లి ఆర్డరొకటి బండికెక్కుతోంది, ఇంట్లో ఎవరి హడావుడి వాళ్లది. డాక్టరు వద్దన్నా సాయిపద్మ ఒత్తిన చివరి అప్పడం, మణికట్టు మొరాయించి నడిమికి చిరిగిపోయింది. సోమేశ్వరరావు చీర పెట్టి, "జాగ్రత్తమ్మా, వొస్తూ పోతూ ఉండు" అని, మోగుతున్న ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. చిరిగిన అప్పడాన్ని చూసింది గుమ్మంలో ఉన్న వైకుంఠరావు ఒక్కడే.

"బ్రాడ్‌మన్ కూడా ఆఖరి ఇన్నింగ్సులో సున్నాయే సేసినాడమ్మా" అన్నాడు.

ఆ రోజు ఆవిడ "ఊఁ" అనలేకపోయింది.

ఆదివారం గడిచింది. సోమవారం గడిచింది. ఎవరూ రాలేదు. సాయిపద్మ ఎవరినీ తప్పు పట్టలేదు. కూర్మమ్మకి పని, మిగతావాళ్లకీ పని. ఉన్న రెండు గిన్నెలూ మళ్లీ మళ్లీ తోమింది. పైన పంకా కిర్రుమంటే ఆ చప్పుడు కూడా బాగుందనిపించింది. మంగళవారం గ్యాసు బండవాడు వస్తే వాళ్ల ఊరేదో, అక్కచెల్లెళ్లెందరో, వాళ్ల మేనత్తకి మోకాళ్ల నొప్పులు తగ్గాయో లేదో అన్నీ అడిగింది. అతను తప్పించుకునేసరికి చెమటలు పట్టాయి. తలుపు వేసుకున్నాక ఆవిడకి సిగ్గూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

బుధవారం తొమ్మిది దాటాక తలుపు దబదబా కొట్టారు. తీస్తే కూర్మమ్మ, కళ్లనిండా నీళ్లతో.

"ఓలప్పా! ఇదేటి పనప్పా? మాతో సెప్పకుండా సన్నేసం పుచ్చీసుకుంటావా?"

"నానా? సన్నేసమా?"

"దాచకప్పా. ఊరంతా తెలిసిపోనాది. జుత్తెప్పుడు తీయిస్తారు?"

సాయిపద్మ చెయ్యి తెలీకుండానే ముడి మీదికి వెళ్లింది. నోరు తెరిచే లోపలే వెనక నుంచి సోమేశ్వరరావు భార్య వాసవీకుమారి వచ్చేసింది, అరటిపళ్లతో, కాషాయం రంగు నేత చీరతో.

"ఎంతైనా మా మనిసివి. కాషాయమేదో మా సేతుల మీదుగానే కట్టుకో తల్లీ" అని ముక్కు చీదింది. "శనివారం నీతో సరిగ్గా ఒక మాటైనా మాటాడలేదు. మా వల్ల ఏటైనా తప్పు జరిగితే మనసులో ఎట్టుకోకు."

పదిన్నరకి ఎదురింటి దేముడమ్మ ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. "సన్నేసులకి రుబ్బురోలు ఎందుకప్పా? నాను సూసుకుంటాను గదా" అంటూ మూలకి నడిచింది. ఆ ఇద్దరూ అప్పటికే రోలు చుట్టూ తాడు వేస్తున్నారు. ఇంతలో వెనకింటి పూర్ణచంద్ర వచ్చాడు, ఒడియా పెద్దమనిషి. ఆయన వస్తూనే ఆవిడ కాళ్ల మీద పడిపోయి, "ఆశీర్బాద దియ, మా" అన్నాడు. కూతురికి ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందట, దీవించమంటున్నాడు. సాయిపద్మకి ఏం చెయ్యాలో తోచక, "వొస్తాది లెండి" అని తల మీద చెయ్యి పెట్టింది.

"ఇంతకీ నా సన్నేసం సంగతి ఎవరు సెప్పినారే?" అని కూర్మమ్మని నిలదీసింది.

"వైకుంఠరావు బాబు. అప్పయ్య కొట్టు కాడ, పొద్దున్న."

అప్పుడు వెలిగింది సాయిపద్మకి. ఒక్కసారిగా నవ్వు తన్నుకొచ్చింది. ఆగకుండా నవ్వింది. సన్నేసానికి ముందు మతి పోతుంది కాబోలని దేముడమ్మ రోలు వదిలి రెండడుగులు వెనక్కి వేసింది.

సంగతేమిటంటే, వైకుంఠరావు ఆటల వార్తలు చదివేది ఒడియా పేపర్లలో. అక్కడ ఎవరైనా ఆటగాడు ఆట మానేస్తే 'సన్యాస' తీసుకున్నాడని రాస్తారు. ఆయన ఆ మాటనే తెలుగులోకి దింపుకుని, నడాల్ సన్నేసం పుచ్చుకున్నాడనీ, పద్నాలుగు సార్లు ఫ్రెంచి కప్పు నెగ్గాకే పుచ్చుకున్నాడనీ గుమ్మంలో నిలబడి చెబుతుండేవాడు. చెవులు మూసుకున్న ఎనిమిదిమందికీ ఆ ముక్క తెలీదు. ఊఁ కొట్టినావిడకి తెలుసు.

"ఓసి పిచ్చిదానా, పని మానీసినానని సెప్పడం అది! ఆటోళ్ల మాట!" అని ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పింది. సగం మంది నమ్మలేదు. నమ్మినవాళ్లు కూడా వెంటనే లేవలేదు. వచ్చారు కాబట్టి టీ తాగారు. టీ తాగారు కాబట్టి కబుర్లు మొదలయ్యాయి. యజమాని ఎదురుగా చెప్పుకోలేని కోడలి గొడవంతా కూర్మమ్మ సాయిపద్మ మంచం మీద కూర్చుని మొదట్నుంచీ చెప్పింది. మర్నాడు ఇంకో నలుగురు వచ్చారు. అయిదు రోజుల్లో రెండు కిలోల చక్కెర అయిపోయింది. దేముడమ్మ రోలు మాట ఎత్తలేదు గానీ రోజూ పప్పు రుబ్బుకోవడానికి అక్కడికే రావడం మొదలెట్టింది.

తరవాతి బుధవారం సాయిపద్మ వైకుంఠరావు కొట్టుకి వెళ్లింది. ఆయన పప్పు బస్తాల మధ్య ఒక్కడే కూర్చుని ఒడియా పేపరు చదువుతున్నాడు.

"ఏటి బాబూ మీరు? పేపరు మాట పట్టుకొచ్చి తెలుగులో ఎట్టీసినారు! నా జుత్తు తీయించీసీవోళ్లు. తెలుగు మరిసిపోనారేటి?"

వైకుంఠరావు పేపరు మడిచాడు. ఆవిడ వైపు చూడకుండా చేటలో పప్పు చేత్తో సర్దాడు.

"రెండు భాషలూ నాకు పుట్టుకతో వొచ్చినవేనమ్మా" అన్నాడు మెల్లిగా. "ఏ మాటకి ఎక్కడ ఏ అర్థమో తెలీదా?"

సాయిపద్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయితే తెలిసే అన్నారా?"

"ఆదివారం అప్పయ్య కొట్టు కాడ సక్కగా తెలుగులోనే సెప్పినాను. మన సాయిపద్మ పని మానీసింది, ముప్పై ఒక్కేళ్లలో ఎనభై లక్షల అప్పడాలు ఒత్తింది, ఒకపాలి ఇంటికెల్లి పలకరించండర్రా అన్నాను. 'అలాగా' అన్నారు, గ్లాసులట్టుకుని లేచీసినారు. సోమవారం మళ్లీ సెప్పినాను. మంగళవారం మళ్లీ. ఒక్కడు కదల్లేదు." ఆయన తలెత్తాడు. "బుధవారం ఒక్క మాట మార్చినాను."

సాయిపద్మ చెయ్యి మళ్లీ జుత్తు ముడి మీదికి వెళ్లింది.

"నాను సెప్తే ఎవరూ ఇనరు, ఆ సంగతి నాకు తెలుసు" అన్నాడాయన. "ఆడినన్నాళ్లూ అందరూ సూస్తారమ్మా. మానీసిన మర్నాడు ఎవరో ఒకరు లెక్క సెప్పాలి గదా. లేకపోతే ఆ మనిసి అన్నాళ్లు ఉన్నట్టా లేనట్టా? మా అమ్మ పోయి పదకొండేళ్లు. ఆదివారం నాడు కొట్టు మూసీసి ఇంట్లో కూకుంటే ఆ రోజెంత పొడుగో నాకు తెలుసు. నీకలాగ వొద్దనిపించినాది."

సాయిపద్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, లోపలికొచ్చి ఒక బస్తా మీద కూర్చుంది.

"సరే, కరణం మల్లీశ్వరి సిడ్నీలో ఎంత బరువెత్తినాదో సెప్పండి" అంది.

వైకుంఠరావు నోరు తెరిచాడు. నలభై ఏళ్లుగా ఆయన చెబుతూ వచ్చాడే తప్ప, ఒక్కరూ ఆయన్ని అడిగిన పాపాన పోలేదు. అలవాటు లేని పని కావడంతో, ఎప్పుడూ నాలుక చివరుండే అంకె ఎటో జారిపోయింది. "నూట... ఆగాగు... నూట..." అంటూ పైకి చూశాడు, బస్తాల వైపు చూశాడు.

"నూట పదీ నూట ముప్పై. మొత్తం రెండొందల నలభై కిలోలు" అంది సాయిపద్మ.

ఆయన బిత్తరపోయాడు. "ఇన్నేళ్లూ నువ్వు ఇంటన్నావా?"

"పాడైంది మణికట్టే బాబూ, సెవులు కాదు."

వైకుంఠరావు గబగబా గుమ్మంలోకి వెళ్లి, "అప్పయ్యా, రెండు టీలు!" అని కేకేశాడు.

"రెండా?" అని అటునుంచి అప్పయ్య కేక. "రెండోది ఎవరికి బాబూ?"

"మా కొట్టుకి మాటాడ్డానికి మనిసొచ్చినాది రా!" అన్నాడు వైకుంఠరావు, ఆ వీధి మొత్తానికి వినబడేలా.