సెల్లార్‌లో పెట్టిన సెన్సర్

2023 వేసవి. ఫిల్మ్‌నగర్‌లో ఓ నాలుగంతస్తుల భవనం. పైన ఎడిటింగ్, డబ్బింగ్ గదులు, ఒక ప్రివ్యూ థియేటర్. కింద సెల్లార్‌లో సినిమా దుస్తులు కుట్టే పదిమంది టైలర్లు. స్మార్ట్ బిల్డింగ్ పరిశోధనకు ప్రభుత్వం సాయమిచ్చే పైలట్ ప్రాజెక్టుకి ఆ భవనం ఎంపికైంది. సెన్సర్లు బిగించి, రీడింగులు తీసి, రిపోర్టు మీద సంతకం పెట్టాల్సిన ఇంజినీర్ని నేను.

మేం వాడినవి సీఓటూ సెన్సర్లు. గదిలో మనుషులు వదిలిన ఊపిరి ఎంత పేరుకుందో చెబుతాయి. దాన్ని బట్టి ఏసీ తనంతట తానే బయటి గాలిని లోపలికి తీసుకుంటుంది. ఒకటి మిగిలితే సెల్లార్‌లో పెట్టాను. మొదటి రోజు మధ్యాహ్నానికే పై గదులకు మూడింతలు చూపించింది. పాడైందేమోనని వేరేది పెట్టి చూశాను. అంతే చూపించింది.

"పదకొండు గాకముందే తల పగిలిపోతది మేడం," అంది బోరబండ నుంచి వచ్చే టైలర్ యాదమ్మ. "ఎండలకు గట్లయితుందనుకున్నం. ఇద్దరు కండ్లు తిరిగి పడ్డరు గూడ."

అక్కడ ఒక్క కిటికీ లేదు. ఎగ్జాస్ట్ ఫ్యానూ లేదు.

భవన యజమానికి చెప్పాను. "ప్లాన్‌లో అది పార్కింగ్ అండీ. పార్కింగ్‌లో మనుషులుండరు. ఆ సెన్సర్ తీసేయండి," అన్నాడు, మర్యాదగానే.

రీడింగులు పట్టుకుని ప్రాజెక్టు చూసే అధికారి దగ్గరికెళ్లాను. "సెల్లార్ మన స్కోప్‌లో లేదు కదమ్మా. ఇది రాస్తే పైలట్ ఫెయిలైనట్టు కనబడుతుంది," అన్నాడు. ఖాళీ ప్రివ్యూ థియేటర్‌లో లైట్లు వాటంతటవే ఆరిపోతున్న ఘనత గురించి మాత్రం రెండు పేజీలు రాయమన్నాడు. ఒళ్లు మండిపోయింది.

సెల్లార్ రీడింగులు లేకుండా సంతకం పెట్టనన్నాను. మా కంపెనీ నన్ను తప్పించి ఇంకొకరితో పెట్టించింది. అక్కడి నుంచి వచ్చేముందు సెల్లార్ రీడింగుల గ్రాఫ్ ప్రింట్ తీసి, గీత ఎక్కడ పైకి లేస్తుందో యాదమ్మకు చూపించాను.

"అంటే గాలి లేకనా? మేమే కమ్‌జోర్ అయినమనుకున్నం," అంది. ఆ కాగితం తీసుకెళ్లి మిగతావాళ్లకు చూపించింది.

మర్నాడు పదిమందీ గాలి వచ్చే ఏర్పాటు చేయాలంటూ మిషన్లు ఆపి మెట్ల మీద కూర్చున్నారు. పాట షూటింగ్‌కి బట్టలు అందించాలి. మూడో రోజుకల్లా యజమాని గోడ కొట్టించి రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టించాడు.

ఆ ఫ్యాన్లకు ఏ పథకమూ సాయం చేయలేదు. భవనానికి మాత్రం ఆదర్శ స్మార్ట్ భవనమని ప్రశంసాపత్రం వచ్చింది. జనం డబ్బుతో చేసిన పరిశోధన, అక్కడ పనిచేసే జనాన్నే లెక్కలోకి తీసుకోలేదు!

ఇలాంటి పరిశోధనకు ప్రభుత్వ సాయం ఉండాల్సిందే. నేనిప్పటికీ ఆ పనే చేస్తున్నాను. కానీ ఇప్పుడు ఏ భవనానికి వెళ్లినా ముందు ప్లాన్ తెరవను. మనుషులు ఎక్కడ కూర్చుని పనిచేస్తున్నారో చూసి, మొదటి సెన్సర్ అక్కడ పెడతాను. ఎవరైనా వద్దంటే, ఆ మాటని వాళ్ల పేరుతో సహా రిపోర్టులో రాస్తాను.